‘ఈమె కూర్చోవాలి’: ఒక ఇంటి బొమ్మలో ఎవరెవరు

(ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి మైకు వినిపిస్తోందా? సరే.

మా అమ్మమ్మగారింట్లో హాలు గుమ్మం పైన ఒక గ్రూప్ ఫొటో ఉండేది. పెద్దమామయ్య పెళ్ళిది. కుర్చీల్లో పెద్దవాళ్ళు, వెనక నిలబడ్డవాళ్ళు, ముందు జంపఖానా మీద పిల్లలు. మొత్తం ఇరవై ముగ్గురు. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ ఎవరెవరని మేమెవరమూ అడగలేదు. ఆవిడ పోయాక ఫొటో దించి, దుమ్ము తుడిచి చూస్తే ఐదారుగురి పేర్ల దగ్గర ఆగిపోయాం. ఈ చివర కళ్ళజోడాయన ఎవరంటే మా అమ్మ ఒక పేరు చెప్పింది, పిన్ని ఇంకో పేరు చెప్పింది. ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్పారు. అట్ట వెనక స్టూడియో ముద్ర తప్ప ఏమీ లేదు.

ఇవాళ నేను చూపించే బొమ్మ దాదాపు 500 ఏళ్ళ నాటిది. ఇందులో పదిమంది ఉన్నారు. పదిమంది పేర్లూ తెలుసు, వయసులూ తెలుసు. అలా ఎలా తెలిశాయి, ఆ తర్వాత వచ్చినవాళ్ళు వాటిని ఎలా కలగాపులగం చేశారు అన్నదే నా మాట.

లైటు కాస్త తగ్గించండి. ఆఁ, చాలు.

ఇది థామస్ మోర్ ఇల్లు. లండన్ పక్కన థేమ్స్ నది ఒడ్డున చెల్సీ అనే ఊళ్ళో. 1527 ప్రాంతం. మోర్ అప్పటికి పెద్ద లాయరు, ఎనిమిదో హెన్రీ రాజుకి దగ్గరివాడు. ఇంకో రెండేళ్ళకి లార్డ్ ఛాన్సలర్, అంటే రాజ్యంలో అతిపెద్ద న్యాయాధికారి అవుతాడు. 1535లో అదే రాజు అతని తల తీయిస్తాడు. ఈ బొమ్మ వేసినవాడు హాన్స్ హోల్బైన్. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి పని వెతుక్కుంటూ 1526లో ఇంగ్లండ్ వచ్చాడు. పండితుడు ఎరాస్మస్ ఇచ్చిన సిఫార్సు ఉత్తరం పట్టుకుని మోర్ గారింటికి చేరాడు. ఆ ఇంటివాళ్ళందరినీ కలిపి పెద్ద నారగుడ్డ మీద రంగుల్లో వేశాడు.

ఆ రంగుల బొమ్మ ఇప్పుడు లేదు. చేతులు మారి మారి మధ్య యూరప్ చేరింది. ఇప్పటి చెక్ దేశంలోని క్రోమెర్జీజ్‌లో, బిషప్పుల భవనంలో ఉండగా 1752లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మీరు చూస్తున్నది దానికి ముందు వేసుకున్న సిరా గీతల స్కెచ్. 39 సెంటీమీటర్ల ఎత్తు, 52 సెంటీమీటర్ల వెడల్పు. అంటే మన ఇళ్ళలో గోడకి కొట్టుకునే క్యాలెండరంత. బాసెల్ మ్యూజియంలో ఉంది.

ఎడమ చివర నిలబడి చేతి తొడుగు సర్దుకుంటున్న అమ్మాయి దగ్గర మొదలుపెడదాం. ఆమె ఎలిజబెత్, మోర్ కూతురు, 21. పక్కన వంగి, ముసలాయనకి పుస్తకంలో ఏదో చూపిస్తున్నది ఆ ఇంటి పెంపుడు పిల్ల మార్గరెట్ గిగ్స్, 22. ఆ ముసలాయన మోర్ తండ్రి సర్ జాన్, జడ్జి, 76. నడిమధ్య కూర్చున్నది థామస్ మోర్, 50. తండ్రీ కొడుకుల మధ్య వెనకగా నిలబడ్డ చిన్నపిల్ల యాన్ క్రెసేకర్, 15. మోర్‌కి ఈ పక్కన, చేతిలో పుస్తకంలో తల దూర్చినవాడు అతని ఒక్కగానొక్క కొడుకు, ఇంకో జాన్, 19. అతని పక్కన సూటిగా మనవంకే చూస్తున్నవాడు హెన్రీ పాటెన్సన్, 40, ఆ ఇంటి విదూషకుడు. కుడివైపు కింద కూర్చున్న ఇద్దరూ కూతుళ్ళే. సిసిలీ, 20. పెద్దకూతురు మార్గరెట్ రోపర్, 22. చిట్టచివర మోకాళ్ళ మీద ఉన్నావిడ మోర్ రెండో భార్య ఆలిస్, 57. ఆవిడ కుచ్చిళ్ళ దగ్గర ఒక కోతి ఎగబాకుతోంది. కోతి వయసు ఎవరూ రాయలేదు.

ఈ పేర్లూ వయసులూ స్కెచ్ మీదే లాటిన్‌లో రాసి ఉన్నాయి. రాసింది హోల్బైన్ కాదు. నికోలస్ క్రాట్జర్ అని మ్యూనిక్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త. రాజుగారి గడియారాలు చూసేవాడు, మోర్ పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. అంటే ఇంట్లో మసలిన మనిషి. ఎవరికోసం రాశాడు? ఎరాస్మస్ కోసం. 1528లో హోల్బైన్ బాసెల్ తిరిగి వెళ్తూ ఈ కాగితాన్ని వెంట తీసుకెళ్ళాడు. ఎరాస్మస్ ఆ కుటుంబాన్ని చూసి ఏళ్ళు గడిచాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళయ్యాయి, ఇంటిపేర్లు మారాయి. అందుకని క్రాట్జర్ ఒట్టి పేరు రాసి వదల్లేదు. ‘మార్గరెట్ రోపర్, థామస్ మోర్ కూతురు’. ‘మార్గరెట్ గిగ్స్, క్లెమెంట్ భార్య, మోర్ కూతుళ్ళతో కలిసి చదువుకున్నది, బంధువు’. ఇద్దరు మార్గరెట్లు, ఇద్దరికీ 22. వరస చెప్పకపోతే తికమకే. మనం శుభలేఖ మీద రాసినట్టు ఎవరి తాలూకో చెప్పి మరీ రాశాడు.

యాన్ దగ్గర ‘స్పాన్సా’ అన్నాడు. అంటే జాన్‌కి కాబోయే పెళ్ళికూతురు. ఆ పిల్లకి యార్క్‌షైర్‌లో ఆస్తి ఉంది, తండ్రి లేడు, మోర్ సంరక్షణలో పెరిగింది. పెళ్ళి 1529లో అయింది. ఈ ఒక్కమాట వల్ల స్కెచ్ ఆ పెళ్ళికి ముందుదని తేలిపోతుంది. విదూషకుడి దగ్గర లాటిన్‌లో ‘మోరియో’ అని రాశాడు. విదూషకుడనే అర్థం. మోర్ పేరు లాటిన్‌లో ‘మోరుస్’. ఆ రెండు మాటలూ పక్కపక్కన పడితే ఎరాస్మస్ నవ్వుకుంటాడని క్రాట్జర్‌కి తెలుసు. ఆ పేరు మీద ఎరాస్మస్ అంతకుముందే సరదాలు చేసి ఉన్నాడు.

1529 సెప్టెంబరులో ఎరాస్మస్, మోర్ పెద్దకూతురు మార్గరెట్ రోపర్‌కి ఉత్తరం రాశాడు. అందరినీ గుర్తుపట్టాను, అందరికన్నా నిన్నే ఎక్కువ గుర్తుపట్టాను అని. నవంబరులో ఆమె జవాబు రాసింది. నా లెక్కలో ఈ ఉత్తరం విలువ స్కెచ్ విలువకి తీసిపోదు. బొమ్మలోని మనుషుల్ని ఎరిగినవాడు, ఆ బొమ్మ చూసి, ‘అవును, వీళ్ళే’ అని సంతకం పెట్టిన కాగితం అది. ఆ కాలపు కుటుంబ చిత్రాల్లో ఇంత అదృష్టం ఎన్నిటికి పట్టింది చెప్పండి?

అన్నీ తెలిసిపోయాక ఇంకేం మిగిలింది అనుకోకండి. వయసులతోనే మొదటి చిక్కు. మోర్ దగ్గర ‘అన్నో 50’ అని ఉంది. దానికి ఏభై నిండాయనా అర్థం, ఏభయ్యో ఏడు నడుస్తోందనా? మన ఇళ్ళలోనూ ఇదే గొడవ కదా. తాతగారికి అరవై నిండాయా, అరవైలో పడ్డారా అని షష్టిపూర్తి ముందు పెద్ద చర్చ. మోర్ పుట్టిన సంవత్సరం 1477 అన్నవాళ్ళూ 1478 అన్నవాళ్ళూ ఇద్దరూ ఈ అంకెనే సాక్ష్యానికి పిలుస్తారు.

తండ్రి పుట్టినరోజు రాసిపెట్టలేదా అంటారా? పెట్టాడు. ఈ కూర్చున్న ముసలాయనే, జడ్జిగారే, ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడది కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఉంది. నాలుగో ఎడ్వర్డ్ రాజ్యానికొచ్చిన 17వ ఏట, ఫిబ్రవరి 7, శుక్రవారం అని. రాజ్యపు ఏడు లెక్కేస్తే 1478 వస్తుంది. కానీ 1478లో ఫిబ్రవరి 7 శనివారం. శుక్రవారమే కావాలంటే 1477కి వెళ్ళాలి. తేదీ ఒప్పుకుంటే వారం కుదరదు, వారం ఒప్పుకుంటే సంవత్సరం కుదరదు. జాతకం రాయించుకోడానికి వెళ్తే సిద్ధాంతిగారు వెనక్కి పంపేస్తారు.

కాస్త దగ్గరగా చూద్దాం. నేను దీన్ని జిరాక్స్ షాపులో నాలుగింతలు చేయించి భోజనాల బల్ల మీద పరుచుకున్నాను. ఆలిస్ పక్కన జర్మన్‌లో చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఇవి హోల్బైన్‌వే. ‘ఈమె కూర్చోవాలి’ అని. స్కెచ్‌లో ఆవిడ మోకాళ్ళ మీద ఉంది. ఎవరో అభ్యంతరం చెప్పారు, ఆయన గుర్తుకి రాసుకున్నాడు. ఆవిడే అడిగిందా, భర్త అన్నాడా, రాసిలేదు. ఇంటి ఇల్లాలు చివర్న మోకాళ్ళ మీద ఉంటే బాగుండదని నాకైతే ఆవిడే అన్నట్టనిపిస్తుంది. ఇది నా ఊహ, ఊహగానే తీసుకోండి. ఇంకోచోట గోడకి తగిలించిన తీగవాయిద్యం ఉంది. అక్కడా ఒక నోటు: క్లావికార్డూ (పియానోలాంటి మెట్ల వాయిద్యం), మిగతా వాయిద్యాలూ బల్ల మీదికి రావాలని. అంటే ఇది ఇంటివాళ్ళకి చూపించి, మార్పులు రాసుకున్న కాగితం. టైలరు సుద్దముక్కతో గీసుకున్న గీతల్లాంటివన్నమాట.

ఈ బొమ్మలో లేనివాళ్ళని కూడా చూడండి. ముగ్గురు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి. ఎలిజబెత్‌కీ సిసిలీకీ 1525లో ఒకే రోజు చేశారు. ముగ్గురు అల్లుళ్ళలో ఒక్కడూ లేడు. పెద్దల్లుడు విలియం రోపర్ తర్వాతి కాలంలో మామగారి జీవితచరిత్ర రాసిన మనిషి, అతనూ లేడు. ఆలిస్‌కి మొదటి పెళ్ళివల్ల కలిగిన కూతురుంది, ఆమె లేదు. పెంపుడు పిల్ల గిగ్స్ మాత్రం ముసలాయన పక్కనే ఉంది. మన పెళ్ళి ఫొటోల్లో అల్లుడు లేకుండా ఊహించగలమా? పెద్ద రభస అయిపోదూ!

ఇక తికమకల సంగతికి వద్దాం. ఈ పెద్ద బొమ్మ కోసం హోల్బైన్ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి రంగు చాక్‌తో ముఖాలు గీసుకున్నాడు. ఆ కుటుంబంలో ఏడుగురి ముఖాలు ఇప్పటికీ ఇంగ్లండ్ రాజకుటుంబం దగ్గర విండ్సర్‌లో ఉన్నాయి. మధ్యలో ఎక్కడో మరుగున పడిపోయి, 1727లో కెన్సింగ్టన్ రాజభవనంలో ఒక బీరువాలో క్యారోలిన్ రాణికి దొరికాయి. కొన్నిటి మీద పేర్లు రాసున్నాయి. రాసున్నాయి కదా అని నమ్మితే మునిగిపోతాం.

ఇదిగో, ఈ ముఖం. బొచ్చుటోపీ పెట్టుకున్న యువతి. పైన ‘మదర్ జాక్’ అని ఉంది. హెన్రీ కొడుకు ఎడ్వర్డ్‌ని పెంచిన దాది అని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు బాసెల్ స్కెచ్‌లో ముసలాయనకి పుస్తకం చూపిస్తున్న అమ్మాయిని పక్కన పెట్టండి. అదే టోపీ, అదే మొహం. దాదీ కాదు, ముసలిదీ కాదు, మన మార్గరెట్ గిగ్స్. ఇంకో ముఖం మీద ‘లేడీ బార్క్‌లీ’ అని ఉంది. అదీ కాదు, ఆమె మోర్ రెండో కూతురు ఎలిజబెత్. సిసిలీ ముఖం మీద అసలు పేరే లేదు. ఆమెనీ స్కెచ్‌తో సరిచూసే పట్టుకున్నారు.

మరి ఈ తప్పులు ఎవరివి? 1590 నాటి ఒక జాబితా ప్రకారం పేర్లు చెప్పింది సర్ జాన్ చీక్, ఎడ్వర్డ్ రాజుకి చదువు చెప్పిన పండితుడు. మామూలు మనిషి కాదు. కానీ చీక్ 1514లో పుట్టాడు. హోల్బైన్ ఈ ముఖాలు గీస్తున్నప్పుడు అతనికి పదమూడేళ్ళు. దర్బారుకి వచ్చింది 1544లో. అప్పటికి మోర్ పోయి తొమ్మిదేళ్ళు, ఆ ఇల్లే చెదిరిపోయింది. రాజు దర్బారులో కనబడ్డవాళ్ళని గుర్తుపట్టాడు, చెల్సీ ఇంటి ఆడపిల్లల్ని చూసి ఉండడు. పైగా ఇప్పుడు కాగితాల మీద కనబడే అక్షరాలు అతనివి కూడా కావు, 18వ శతాబ్దంలో ఎవరో తిరగరాసినవి. పేరు రాసుందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఎవరు రాశారు, ఆ మనిషి వీళ్ళని కళ్ళతో చూశాడా అన్నది అసలు ప్రశ్న. క్రాట్జర్ చూశాడు, చీక్ చూడలేదు. మా పిన్ని అప్పటికి పుట్టనేలేదు. (నవ్వులు)

ఇప్పుడు మొదటి ఎలిజబెత్ మహారాణి కాలానికి రండి. హోల్బైన్ వేసిన పెద్ద బొమ్మని చూసి రోలండ్ లాకీ అనే చిత్రకారుడు ప్రతులు వేశాడు. ఒకటి యార్క్‌షైర్‌లో నోస్టెల్ అనే పాతకాలపు భవంతిలో ఉంది. అది మార్గరెట్ రోపర్ సంతతి ఇంట్లోంచి వచ్చింది. అందులో ఆలిస్ కుర్చీలో కూర్చుని ఉంది. హోల్బైన్ నోటు రాసుకున్నట్టే. ఎడమవైపు ఒక మార్పు జరిగింది. గిగ్స్ చివరికి జరిగింది, ఎలిజబెత్ ముసలాయన పక్కకి వచ్చింది. కాబట్టి క్రాట్జర్ వరసని తీసుకెళ్ళి దీనికి అతికిస్తే ఇద్దరు ఆడవాళ్ళ పేర్లూ తారుమారవుతాయి. ‘ఎడమ నుంచి కుడికి’ అని పేపర్లో వేస్తారే, అది ఆ ఒక్క ఫొటోకే పనికొస్తుంది.

ఈ ప్రతిలో వెనక గుమ్మం దగ్గర కొత్తగా ఇంకొకాయన ఉన్నాడు. మోర్ దగ్గర రాతకోతలు చూసే జాన్ హారిస్ అని బొమ్మ మీదే ఉంది. కానీ 20వ శతాబ్దంలో ఒక ఔత్సాహికుడు, కాదు కాదు, ఇతను గిగ్స్ భర్త డాక్టర్ జాన్ క్లెమెంట్ అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఆ క్లెమెంట్ మరెవరో కాదు, లండన్ టవర్‌లో చిన్నప్పుడే మాయమైపోయిన రాకుమారుడు రిచర్డ్ అన్నాడు. బొమ్మంతా రహస్య సంకేతాలేనట. వినడానికి భలే ఉంటుంది. కానీ పక్కనే పేరు రాసుంటే దాన్ని వదిలేసి, పువ్వుల్లో, తివాచీ మడతల్లో వేరే పేరు వెతకడం నాకు ఎక్కలేదు. చరిత్రకారులూ ఒప్పుకోలేదు.

నాకు ఎక్కువ ఇష్టమైనది రెండోది. 1593 నాటిది, లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీది. ఏడున్నర అడుగుల ఎత్తు, పదకొండు అడుగుల వెడల్పు, ఒక గోడంతా. దీన్ని వేయించినవాడు ఇంకో థామస్ మోర్, మన మోర్‌కి మనవడు. స్కెచ్‌లో పుస్తకంలో తల దూర్చిన జాన్‌కీ, పదిహేనేళ్ళ యాన్‌కీ పుట్టిన కొడుకు. తాత పట్టుకున్న కాథలిక్ మతాన్నే పట్టుకుని జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. ఇందులో పదకొండు మంది ఉన్నారు. ఎడమవైపు ఏడుగురు హోల్బైన్ బొమ్మలోంచి, 1527 నాటి బట్టల్లో. కుడివైపు నలుగురు, మనవడు, అతని భార్య, ఇద్దరు కొడుకులు, మెడ చుట్టూ ఇస్త్రీ మడతల కాలర్లతో. మధ్యలో 66 ఏళ్ళు. ముత్తాత తండ్రి దగ్గర్నుంచి మునిమనవల దాకా ఒకే గదిలో. చనిపోయినవాళ్ళ ఫొటోలు తెచ్చి పెళ్ళి ఫొటోలో కలిపించుకుంటాం చూడండి, అది అప్పుడే చేశారు.

పాత పదిమందిలోంచి ఏడుగురే వచ్చారు. మిగతా ముగ్గురు? విదూషకుడు పాటెన్సన్ లేడు. పెంపుడు పిల్ల గిగ్స్ లేదు. రెండో భార్య ఆలిస్ లేదు. మనవడి దగ్గర్నుంచి చూడండి. ఈ ముగ్గురితోనూ అతనికి రక్తసంబంధం లేదు. అతని తండ్రీ మేనత్తలూ మోర్ మొదటి భార్య జేన్ పిల్లలు. యాన్ కూడా పుట్టుకతో మోర్ కాదు, కానీ ఆమె అతని కన్నతల్లి, కాబట్టి ఆమె చోటుకి ఢోకా లేదు. హోల్బైన్ వేసింది ఒక ఇంట్లో కలిసి తిన్నవాళ్ళని. మనవడు వేయించింది వంశవృక్షాన్ని. పేర్లు ఏ కారణం వల్ల పోయినా సరే, ఎవరున్నారు ఎవరు లేరు అన్న లెక్కే దీన్ని ఎవరు వేయించారో పట్టిచ్చేది. రోపర్ల ఇంటి ప్రతిలో ఆ ముగ్గురూ ఉన్నారు, గుమ్మం దగ్గర గుమాస్తాతో సహా. వాళ్ళకి ఇల్లు కావాలి, ఇతనికి వంశం కావాలి.

టైమవుతోంది, ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. ఆ చివర అమ్మాయి, చెప్పమ్మా.

(ప్రశ్న: మార్గరెట్ రోపర్ ముఖం విండ్సర్ కాగితాల్లో ఉందా?)

మంచి ప్రశ్నమ్మా. లేదు. ఎరాస్మస్ అందరికన్నా ఎక్కువగా గుర్తుపట్టిన మనిషి ముఖమే ఆ కాగితాల్లో లేదు. ఆలిస్‌దీ లేదు, విదూషకుడిదీ లేదు. కానీ ఇంకో దారి ఉంది. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో హోల్బైన్ వేసిన చిన్న గుండ్రటి బొమ్మలు రెండున్నాయి, భార్యాభర్తలవి. అరచేతిలో పట్టేస్తాయి. విలియం రోపర్, మార్గరెట్ రోపర్. ఆమె బొమ్మ మీద బంగారు అక్షరాల్లో వయసు 30 అని ఉంది. 1535, 36 ప్రాంతంలో వేశాడంటారు. స్కెచ్‌లో 1527లో 22. కూడి చూడండి, 1535కి 30. క్రాట్జర్ లెక్కకీ దీనికీ సరిగ్గా సరిపోయింది. 1535 జూలైలోనే తండ్రి తల తీశారు, ఆ తలని అడిగి తెచ్చుకుని దాచుకున్నది ఈమే. బొమ్మ అంతకు ముందు వేశాడా తర్వాత వేశాడా అన్నది ఆ అంకెని బట్టి చెప్పలేం.

ఇంకెవరన్నా? ఆ పెద్దాయన చెయ్యి ఎత్తినట్టున్నారు. మైకు అటు ఇవ్వండి.

(ప్రశ్న: మరి మీ ఫొటోలో కళ్ళజోడాయన ఎవరో తేలిందా?)

(నవ్వులు) తేల్లేదండీ. పెళ్ళివారి తరఫు పురోహితుడి తమ్ముడని ఈమధ్య మూడో పేరు కూడా వచ్చింది.